వినోద్ ఉన్న దేశం

మదనపల్లె,
12 ఫిబ్రవరి 2025, బుధవారం.

చి. ల. సౌ. సుప్రియకు,

నీ వదిన యమున దీవెనలతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమిద్దరం క్షేమం. అక్కడ నువ్వూ, మన హరితా బాగున్నారనీ, పాపకు దగ్గు తగ్గి మళ్ళీ బడికి పోతోందనీ అనుకుంటున్నాను. పైన చి. ల. సౌ. అని రాసి కాసేపు కలం ఆపాను. పెళ్ళైన ఆడపిల్లలకు మా నాన్న ఉత్తరం రాస్తే అలాగే మొదలుపెట్టేవాడు. కొట్టెయ్యడానికి చెయ్యి రాలేదు. ఉంచేశాను.

విమానం దిగి ఇంటికి చేరామో లేదో నీ ఫోన్ వచ్చింది. నేను రెండు మాటలు చెప్పేలోపే నువ్వు ఏడ్చావు, నీ ఏడుపు విని నేనూ ఏడ్చాను. "వద్దు వదినా, ఫోన్లో నాకేమీ తలకెక్కదు. అంతా రాసి పంపు. పాప బడికి పొయ్యినాక నిమ్మళంగా సదువుకుంటా" అన్నావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఈ ప్రయాణం ఎలా కుదిరిందో నీకు సగమే తెలుసు. పుంగనూరులో మీ అన్నయ్య అంగడిలో ఈ ఏడు విత్తనాలు, టమోటా మందులు బాగా పోయాయి. బాగా అమ్మిన డీలర్లను ఆ మందుల కంపెనీ వాళ్ళు భార్యలతో సహా ఏదో ఒక దేశం తిప్పుకొస్తారు. ఈసారి కంబోడియా అన్నారట. మీ అన్నయ్య ఆ సంగతి అన్నం తింటూ చెప్పాడు. చెప్పి, తలెత్తకుండానే, "మనం పోవద్దులే యమునా. మన టిక్కెట్లు ఇంకెవరికైనా ఇయ్యమంటా" అన్నాడు.

నేను కంచం పక్కకు జరిపాను. రెండేళ్ళుగా ఏ దేశం పేరు చెప్పి నువ్వూ నేనూ ఆఫీసుల మెట్లెక్కి దిగామో, ఆ దేశానికి ఎవరో ఊరికే తీసుకెళ్తామంటున్నారు. పోనని ఎలా అనగలను? మీ అన్నయ్యతో గట్టిగా గొడవపడ్డాను. చివరికి ఆయన ఒప్పుకున్నాడు గానీ ఒక మాట తీసుకున్నాడు. "పదిమంది సంతోషానికి వస్తాండారు. వాళ్ళ మద్దెన మన ఇంటి ఏడుపు పెట్టొద్దు. నీకు కావాల్సింది నువ్వు సూసుకో, గమ్మున సూసుకో" అన్నాడు. ఆయన్ను తప్పుపట్టకు. నా తమ్ముడు వినోద్ పేరు వచ్చిన ప్రతిసారీ ఆయన రెండు రోజులు అంగడి తలుపు తీయడు. నీకు తెలియదు ఆ సంగతి.

నువ్వు కుప్పం నుంచి ఇక్కడి బస్టాండు దాకా వచ్చి ఇచ్చిన వాడి ఫోటో, గళ్ళ చొక్కాతో ఉన్నది, నా చేతిసంచిలోనే పెట్టుకున్నాను. మదనపల్లె నుంచి బస్సులో బెంగళూరు, అక్కడి నుంచి విమానంలో బ్యాంకాక్, మళ్ళీ చిన్న విమానంలో సియెం రీప్ అనే ఊరు. విమానమంతా మన చిత్తూరు పక్క వాళ్ళే. బి.కొత్తకోట రెడ్డెప్పగారు, ఆయన భార్య కమలాక్షక్క. మదనపల్లె తాజుద్దీన్‌గారు, ఆయన భార్య బద్రున్నీసా. మిగతా వాళ్ళ పేర్లు రాసి నిన్ను విసిగించను. అందరినీ నడిపించడానికి కంపెనీ తరపున ప్రదీప్ అనే అబ్బాయి, చేతిలో పచ్చజెండా. కమలాక్షక్క దారి పొడుగునా పాటలు పాడించింది. నేనూ చప్పట్లు కొట్టాను సుప్రియా. కొట్టకపోతే ఎందుకు కొట్టలేదని అడుగుతారు కదా.

మరుసటి రోజే గుళ్ళు చూడడం. పొద్దున టిఫిన్‌కు ఒక ఇండియా హోటలుకు తీసుకెళ్ళారు. అందరూ ఇడ్లీ తింటుంటే నేను ఫోటో తీసుకుని గల్లా దగ్గరికి పోయాను. హోటలాయన ఉత్తరాది మనిషి, హిందీ తప్ప రాదు. నా హిందీ నీకు తెలిసిందే. నేను తడబడుతుంటే వెనక నుంచి తాజుద్దీన్‌గారు వచ్చారు. "ఏమ్మా, ఏం కావాల? నేనడిగి పెడ్తా" అన్నారు. దాచలేకపోయాను. నా తమ్ముడనీ, కుప్పం నుంచి రోజూ రైల్లో బెంగళూరు పోయి కంప్యూటరు పని చేసుకునేవాడనీ, ఎవడో ఏజెంటు మంచి జీతమని ఆశపెట్టి ఈ దేశం పంపాడనీ చెప్పాను. ఇక్కడ ఫోన్లో జనాన్ని బెదిరించి దోచే ముఠా చేతిలో పడ్డాడనీ, రెండేళ్ళుగా వాడి గొంతు వినలేదనీ చెప్పాను. ఆయన ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఫోటో తీసుకుని హోటలాయనతో చాలాసేపు మాట్లాడారు.

ఆ హోటలాయన చెప్పింది ఇది. అలాంటి పిల్లలు వందల్లో ఉన్నారట. ఆ ముఠాల మేడలు ఎక్కువగా సరిహద్దు దగ్గర ఉంటాయట, కారులో పోతే సగం పూట దారి. బయటివాళ్ళను లోపలికి రానివ్వరు. పోయిన వానాకాలంలో పోలీసులు కొన్ని చోట్ల పడి పిల్లల్ని విడిపించారు. కొందరు ఇండియాకు పోయారు, కొందరిని ముఠావాళ్ళు ముందే వేరే దేశాలకు దాటించేశారు. ఈ ఫోటోలో అబ్బాయిని తను చూడలేదన్నాడు. తాజుద్దీన్‌గారు నాకు అదంతా తెలుగులో చెప్పి, "అల్లా ఉన్నాడు తల్లీ, టిఫిన్ తిను ముందు" అన్నారు.

అక్కడి నుంచి అంగ్‌కోర్ వాట్. టిక్కెట్టు మీద మన ఫోటో కూడా వేసి ఇస్తారు. నా మొహం చూసి కమలాక్షక్క, "ఏందమ్మా యమునా, పోలీసు స్టేషన్లో పట్టుకున్నట్టు ఉండాది ఈ ఫోటో" అని నవ్వింది. గుడి చుట్టూ నది లాంటి కందకం. దాని మీద రాతి దారి. దారికి అటూ ఇటూ పడగ విప్పిన పాముల కమ్మీలు. ఎదురుగా నల్లటి గోపురాలు. తొమ్మిది వందల ఏళ్ళ నాటి విష్ణుమూర్తి గుడి అని గైడు చెప్పాడు. ఇప్పుడు లోపల బుద్ధుడికి కాషాయం కప్పి పెట్టారు.

ఒక గోడ పొడుగునా క్షీరసాగర మథనం చెక్కారు. ఒక పక్క గుడ్లురిమి చూసే రాక్షసులు, ఇంకో పక్క దేవతలు, మధ్యలో వాసుకి. గైడు ఇంగ్లీషులో కష్టపడి చెప్తుంటే రెడ్డెప్పగారు అడ్డం పడి, "మాకు సెప్తావేమప్పా నువ్వు, మా ఊర్లో సిన్నపిల్లోడ్ని అడుగు ఈ కత" అని ఆయనే మొత్తం చెప్పడం మొదలుపెట్టాడు. పక్కన నిలబడిన తమిళం వాళ్ళు కూడా వచ్చి విన్నారు. ఆ గుంపులో నేను గోడ వైపు చూడలేదు. మొహాలు చూశాను. మన రంగు మొహం ఎక్కడ కనబడితే అక్కడికి పోయాను. ఒకచోట గళ్ళ చొక్కా, అదే నడక, అదే మెడ వంపు. చీర కుచ్చిళ్ళు పట్టుకుని రాళ్ళ మీద పరుగెత్తాను. తిరిగి చూశాడు. ఎవరో గుజరాతీ అబ్బాయి. చేతిలో పసిబిడ్డ. "క్యా హువా ఆంటీ?" అన్నాడు. ఏమీ కాలేదని తల ఊపి వచ్చేశాను.

మధ్య గోపురం మీదికి నిట్టనిలువు మెట్లు. ఎక్కడానికి వరుసలో నిలబడాలి. నేను ఎక్కలేనని, బయట చెట్ల కింద కూర్చుంటానని మీ అన్నయ్యకు చెప్పి వచ్చేశాను. కందకం ఇవతల బండ్లు ఆపే చోట, అంగళ్ళ పక్కన రాతిబల్ల మీద కూర్చున్నాను. చాలాసేపు ఒక్కదాన్నే ఉన్నాను. గుంపు వచ్చేసరికి నేను ఏడుస్తున్నాను. ఎంత ఆపుకున్నా ఆగలేదు. కమలాక్షక్క నా పక్కన కూలబడి, "ఎవరేమన్నారు నిన్ను? రాజేంద్ర ఏమన్నా అన్నాడా?" అని మీ అన్నయ్య మీదికి లేచింది. సంచిలోంచి ఫోటో తీసి ఇచ్చాను. "తమ్ముడు" అని మాత్రం అనగలిగాను. మిగతాది తాజుద్దీన్‌గారు చెప్పారు.

అక్కడ ఏం జరిగిందో నువ్వు చూసి ఉండాల్సింది సుప్రియా. మీ అన్నయ్య తల దించుకుని నిలబడ్డాడు, తప్పు చేసిన వాడిలాగా. అప్పుడు రెడ్డెప్పగారు, "ఇంత కడుపులో పెట్టుకుని మాతో పాటలు పాడినావా తల్లీ?" అన్నాడు. తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. "ఏం సూస్తాంలే ఇంక రాళ్ళు. ఆ పిల్లోడ్ని సూద్దాం పదండప్పా" అన్నాడు.

ఒక్కొక్కరూ వచ్చి ఆ ఫోటోను తమ ఫోన్లో ఫోటో తీసుకున్నారు. ప్రదీప్ పచ్చజెండా మడిచి సంచిలో పెట్టేశాడు. ఆ మధ్యాహ్నం రాతి మొహాల గుడికి పోయాం, చెట్ల వేర్లు గోడల్ని కరిచి పట్టుకున్న ఇంకో గుడికి పోయాం. ఎవరూ గుడి చూడలేదు. మన పుంగనూరు, వాల్మీకిపురం, బి.కొత్తకోట మందులంగడి వాళ్ళంతా ఆ ఎండలో దుమ్ములో జంటలు జంటలుగా విడిపోయి, ఇండియా వాడు కనబడితే చాలు, ఫోన్ ముందు పెట్టి అడిగారు. కమలాక్షక్కకు తెలుగు తప్ప ఏ భాషా రాదు. తెల్లవాళ్ళను కూడా ఆపి, "ఈ పిల్లోడ్ని యాడన్నా సూసినారా?" అని తెలుగులోనే అడిగింది. కండువాలు అమ్ముకునే ఒక ముసలావిడ ఫోటో చూసి, తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుంది. బద్రున్నీసా ఆ పూటంతా నన్ను వదల్లేదు. మీ అన్నయ్య ఒక వేరు చాటున అటు తిరిగి నిలబడి ఉంటే భుజం మీద చెయ్యి వేశాను. "ముందే సెప్పుంటే బాగుండు. నేనే వద్దంటి" అన్నాడు.

వినోద్ దొరకలేదు సుప్రియా.

మిగతా రోజులు ఎక్కడెక్కడికో తిప్పారు, అవి నాకు గుర్తు లేవు. నా మనసుకు తోచింది చెప్తాను, కోపం తెచ్చుకోకు. వాడు ఇంక రాడు. నువ్వు చిన్నదానివి. పాపను పెట్టుకుని ఎన్నాళ్ళు వీధి తలుపు వైపు చూస్తావు? మీ పుట్టింటివాళ్ళు ఏమన్నా నీ మేలు కోరే అంటారు. నువ్వు ఏ దారి ఎంచుకున్నా, వాడి అక్కగా నేను అడ్డం రాను. నీ పక్కనే ఉంటాను.

పాపకు చెక్క ఏనుగు తెచ్చాను. వచ్చినప్పుడు ఇస్తాను. వేళకు తిను.

నిన్ను చెల్లెలిగానే తలుచుకునే
నీ వదిన
యమున

తా.క.

17 ఫిబ్రవరి, సోమవారం.

సుప్రియా, పై ఉత్తరం గురువారమే కవర్లో పెట్టి పోస్టాఫీసు దాకా తీసుకెళ్ళాను. డబ్బాలో వెయ్యలేక వెనక్కి తెచ్చాను. శనివారం మళ్ళీ బయల్దేరుతుంటే నీ ఫోన్ వచ్చింది. మళ్ళీ పెళ్ళి సంగతి శివరాత్రి లోపల ఏదో ఒకటి తేల్చుకోమని పుట్టింట్లో మీ అన్నలు కూర్చోబెట్టి అడిగారన్నావు. ఆ తర్వాత, "బతికుండే మనిషి కోసం ఎదురు సూసేది వేరే, సచ్చినోని కోసం ఏడ్సేది వేరే. నాకు రెండూ కలిపి పెట్టినారు వదినా. నేను దేనికీ సరిగ్గా కూసోలేకుండా ఉండాను" అన్నావు. ఆ మాట విన్నాక ఆ ఉత్తరం అలాగే పంపితే నేను మనిషిని కాను.

వినోద్ బతికే ఉన్నాడు. నేను వాణ్ణి చూశాను. చెయ్యి పట్టుకుని మాట్లాడాను.

ఆ చెట్ల కింద నేను ఒక్కదాన్నే కూర్చున్నానని రాశాను, అది అబద్ధం. నేను కూర్చున్న కాసేపటికి, మా గుంపుకు మధ్యాహ్నం భోజనం పొట్లాలు తెచ్చే బండి వచ్చి ఆగింది. నీళ్ళ సీసాల పెట్టె భుజాన పెట్టుకుని ఒక మనిషి దిగాడు. టోపీ, నడుముకు గుడ్డ. పెట్టె కింద దించి నా వైపు వచ్చాడు. "అక్కా, అరవద్దు. గమ్మునుండు" అన్నాడు. చిక్కి సగమయ్యాడు. ముంజేతుల మీద నూనె చుక్కలు పడి కాలిన మచ్చలు. నేను అరవలేదు. అరిచే ఓపిక ఎక్కడిది, వాడి చెయ్యి మాత్రం పట్టుకున్నాను.

మేము పొద్దున టిఫిన్ తిన్న హోటల్లోనే వాడు వంటపనిలో ఉన్నాడు. "నువ్వు ఫోటో సూపిస్తా ఉంటే నేను గోడకవతల ఇడ్లీ దించతాండాను. నీ గొంతు వినపడింది. బయటికి రాలేకపోయినా" అన్నాడు. వాడి కోసం ఎవరొచ్చి అడిగినా తెలియదని చెప్పమని హోటలాయనను ముందే బతిమాలుకున్నాడట.

నేను లేచి నిలబడ్డాను. "పద, మీ బావ లోపలే ఉన్నాడు. మనవాళ్ళంతా ఉన్నారు. ఈ పొద్దే ఇండియా ఆఫీసుకు పోదాం" అని లాగాను. వాడు కదల్లేదు. వానాకాలంలో పోలీసులు విడిపించిన వాళ్ళలో వాడూ ఉన్నాడట. విమానం ఎక్కించడానికి పేర్లు రాసుకునే వరుసలో నిలబడి, వాడి వంతు వచ్చే ముందు పక్కకు తప్పుకున్నాడట.

"యాలరా?" అన్నాను. "కొట్టినారా? కేసు పెడతారని భయమా?"

"కొట్టినారు. అది కాదక్కా" అన్నాడు. తర్వాత చెప్పాడు. వాడు చెప్పినట్టే రాస్తున్నాను.

"తెలుగోళ్ళ నెంబర్లన్నీ నాకే ఇచ్చేటోళ్ళు. నేను పోలీసు మాదిరి మాట్లాడాల. నీ పేరు మీద దొంగ పార్శిల్ దొరికింది, ఫోన్ పెట్టేస్తే ఇంటికొచ్చి పట్టుకుంటాం అనాల. ఒక దినం ఒక నెంబరు కొట్టినా. అవతల హలో అన్నాడు. ఆ ఒక్క హలోకే తెలిసిపొయ్యింది నాకు. మన రామమూర్తి సారక్కా."

అవును సుప్రియా. మీ వీధి చివర రామమూర్తి సారు. వినోద్‌కు హైస్కూల్లో లెక్కలు చెప్పినాయన. ఆయన సొమ్మంతా ఫోన్లో ఎవరో దోచుకున్నారనీ, ఆ తర్వాత ఎవరికీ మొహం చూపించలేక గది దాటి రాలేదనీ, కొన్నాళ్ళకే గుండె ఆగి పోయాడనీ నువ్వే నాకు చెప్పి ఏడ్చావు.

"సారు వణికిపోతాండాడు. నేను సెప్పాల్సింది సెప్తాండాను. మద్దెలో ఉన్నట్టుండి, 'నాయనా, నీ మాట మా పక్క మాట మాదిరి ఉండాదే. యావూరప్పా నీది?' అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"నా ఎనకాల మనిషి నిలబడుండాడు. 'గమ్మునుండు, అడిగిందానికి జవాబు సెప్పు' అని గద్దిస్తిని. సార్నక్కా. నేను సార్ని గద్దిస్తే, సారు నన్ను, 'సరే సార్' అన్నాడు."

అది చెప్పి వాడు నేల మీద కూర్చుండిపోయాడు. ఆ రోజు వాడికి దెబ్బలు పడలేదట. కడుపునిండా అన్నం పెట్టారట. "తింటిని అక్కా" అన్నాడు. ఆ మాట రెండు మూడు సార్లు అన్నాడు. బయటికి వచ్చాక, ఫోన్ చేతికి వచ్చినాక, మన ఊరివాళ్ళెవరో దండ వేసి ఇంటర్నెట్లో పెట్టిన సారు ఫోటో చూశాడట. సారు ఎలా పోయాడని నన్ను అడిగాడు. నిద్రలో పోయాడు, బాధపడలేదు అన్నాను. వాణ్ణి వెతికించమని నీ తరపున కలెక్టరుకూ, ఢిల్లీకీ అర్జీలన్నీ రాసి పెట్టింది ఆ సారేనని చెప్పలేదు. నోటిదాకా వచ్చింది. చెప్పి ఉంటే వాడు ఆ కందకంలో దూకి ఉండేవాడు.

"పాప అడుగుతాదా నన్ను?" అన్నాడు. అడుగుతుందన్నాను. ఒక్కసారి ఫోన్లో మాట్లాడమన్నాను. "ఈ నోటితో పాపను ఎట్ల పిలిచేదక్కా" అన్నాడు. తర్వాత నా చెయ్యి తీసి వాడి తల మీద పెట్టుకున్నాడు. "సుప్రియకు నేను లేనని సెప్పు. ఉండాడో లేదో తెలీదంటే ఎదురు సూస్తానే ఉంటాది. లేడని సెప్పు. నా మీద ఒట్టు" అన్నాడు. దూరంగా గుంపు వస్తోంది. కమలాక్షక్క గొంతు వినబడుతోంది. సరే అన్నాను. వాడు టోపీ కిందికి లాక్కుని బండెక్కాడు. మేము ఆ పొట్లాలే విప్పి తిన్నాం. మీ అన్నయ్య కూడా తిన్నాడు.

ఆ తర్వాత వాళ్ళంతా ఎండలో తిరిగి వెతికారని రాశాను కదా. అది నిజమే. ప్రతి మాటా నిజం. ఆ పూటంతా నాకు తెలుసు. రెడ్డెప్పగారు ఆ వయసులో రాళ్ళ మీద పడుతూ లేస్తూ అడుగుతుంటే, బద్రున్నీసా నా చెయ్యి పట్టుకుని ఏదో దువా చదువుతుంటే, చెప్పలేక వాళ్ళ వెనకాల నడిచాను. మీ అన్నయ్యకు కూడా ఇంతవరకూ చెప్పలేదు. ముందు నీకు చెప్పాకే ఎవరికైనా.

ఒట్టు తప్పాను. లేడని రాయడానికి కూర్చున్నాను గానీ ఆ మాట కలంలోంచి రాలేదు. దొరకలేదు, రాడు అని చుట్టూ తిప్పి రాశాను. వాడు చేసింది తప్పా, వాడి చేత చేయించిన వాళ్ళదే తప్పా అంటే నాకు తేల్చడం చేతకాదు. ఒకసారి వాడి మెడ పట్టుకుని ఏడవాలనిపిస్తుంది, ఇంకోసారి లాగి కొట్టాలనిపిస్తుంది. నువ్వు వాడి భార్యవి. వాణ్ణి రమ్మంటావో, వద్దంటావో, ఇన్నాళ్ళ ఎదురుచూపు ఇక్కడితో చాలంటావో, అది నువ్వే చెప్పాలి. తెలియకుండా కాదు, తెలిసి చెప్పాలి. నేను నీకు ఇవ్వగలిగింది ఇంతే. హోటలు నెంబరు తాజుద్దీన్‌గారి దగ్గర ఉంది, నువ్వు అడిగితే తెచ్చిస్తాను.

ఒక్కటి మాత్రం నేను తేల్చుకున్నాను. సారు పోయినాక ఆయన భార్య గౌరమ్మగారు సాయంత్రాలు మన హరితను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఎక్కాలు చెప్తున్నారని నువ్వు చెప్పావు. ఆమెకు తెలియకుండా ఆమె చేత మన బిడ్డకు పాఠం చెప్పించుకోలేం. విన్నాక ఆమె తిట్టనీ, పోలీసుల దగ్గరికే పోనీ, మన మొహం చూడననీ. ఆదివారం పొద్దున పుంగనూరు మీదుగా వచ్చే బస్సుకు కుప్పం వస్తాను. ముందు నీతో కూర్చుంటాను, నువ్వు ఏమన్నా వింటాను. ఆ తర్వాత ఇద్దరం కలిసి గౌరమ్మగారి ఇంటికి పోదాం. నీకు కాళ్ళు రాకపోతే నువ్వు ఇంట్లోనే ఉండు. నేను పోయి తలుపు తడతాను.